మూసివేసిన ప్రశ్న: పప్పు ఉడకడం లేదు

రోజు 9

ఇవాళ పప్పు ఉడకడానికి ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. మొన్న ఇరవై నాలుగు. ఈ ఇంట్లో దిగిన రోజున ఇరవై. పప్పు అదే, గిన్నె అదే, కొలత అదే. పొయ్యి రోజుకు నలభై అయిదు నిమిషాలే వెలుగుతుంది, ఆ తరవాత దానంతటదే ఆరిపోతుంది. అన్నానికి పద్నాలుగు నిమిషాలు మిగిలాయి. మెతుకు పలుకుగానే దిగింది.

వర్ధని వదిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏంటే హైమా, కొత్తింటికొచ్చి వంట మర్చిపోయేవా?" అంది.

వదిన మా ఆయన అక్కగారు. ఆయన పోయి ఆరేళ్ళు, అప్పటి నుంచి మేమిద్దరమే. పల్లపు శిబిరంలోకి సముద్రం వచ్చేస్తోందని మమ్మల్ని కొండ మీద స్తంభాలనే ఎత్తు మేడల్లోకి మార్చారు. మాది ఆరో స్తంభం, పదిహేడో అంతస్తు. వదినకు మూత్రపిండాలు పనిచెయ్యవు. రోజు విడిచి రోజు నాలుగేసి గంటలు డయాలిసిస్ మిషను పక్కన పడుకోవాలి. మిషను వంటగదిలోనే ఉంది, గొట్టం కుళాయికి తగిలించి. అందరికంటే ముందు మాకు ఇల్లు దొరికింది ఆ మిషను పుణ్యమే.

పప్పు సంగతి పలకలో అడిగాను. ఇక్కడ నీళ్ళు, దీపం, మందులు, మరమ్మతు, ఏదైనా సరే వంటగది గోడకున్న పలకలో రాయాలి. అందులో 'వసారా' అని ఒక చర్చావేదిక ఉంది. ఇంజనీర్లూ వైద్యులూ ఒకటో స్తంభంలో ఉంటారు, వసారాలో కనబడినవాటికే జవాబిస్తారు. ఎవరి పేరూ కనబడదు. నాకిచ్చిన పేరు గోధుమ-77.

నేను రాసింది: "నమస్కారమండీ. మేము కొత్తగా వచ్చాం. మా ఇంట్లో పప్పు ఉడకడం లేదు. మీ ఇళ్ళల్లో ఎలా ఉంది? దయచేసి చెప్పగలరు."

వసారాను కాపలా కాసే సంరక్షకుల్లో ఒకడు, సంరక్షక-4, రెండు నిమిషాల్లో దాన్ని మూసేశాడు. కారణాలు కింద రాశాడు. పలకరింపు సమాచారం కాదు. 'మేము కొత్తగా వచ్చాం' అనవసరం. 'మీ ఇళ్ళల్లో ఎలా ఉంది' అనడం గుంపు కూడగట్టడం. కొత్త సభ్యులు రోజుకు ఒక్క ప్రశ్నే అడగవచ్చు కాబట్టి మళ్ళీ రేపు.

వదిన పడీపడీ నవ్వింది. "దణ్ణం పెడితే తలుపేసేశారా? రేపు తిట్టి చూడవే. తీత్తారేమో."

రోజు 11

పప్పు: ముప్పై నాలుగు.

నిన్న నమస్కారం తీసేసి, ఇళ్ళ సంగతి తీసేసి, ఒక్క వాక్యం రాశాను. "కుళాయి నీళ్ళలో కందిపప్పు ఉడకడం లేదు, కారణం ఏమిటి?" దాన్ని 'వంటలు' విభాగంలోకి నెట్టారు. అక్కడ సంరక్షక-9 చూసి, ఇది ఇదివరకే అడిగిన ప్రశ్న అని మూసేసి, పాతదాన్ని చూపించాడు. అది నాలుగేళ్ళ కిందటిది: 'శనగలు ఉడకడం లేదు'. జవాబు: నానబెట్టండి.

కందిపప్పు నానబెట్టవలసిన అవసరం ఎప్పుడొచ్చింది నాకు?

ప్రశ్న 'నీరు' విభాగంలో పడాలి. అక్కడైతే ఇంజనీర్లు చూస్తారు. అయితే ఆ విభాగంలో రాయాలంటే మూడో మెట్టు మీద ఉండాలి. నేను మెట్టు ఎక్కని మనిషిని. ఎవరి ప్రశ్నకైనా జవాబిచ్చి, అది ఆమోదం పొందితే ఒక గుర్తు. ఇరవై గుర్తులకు ఒక మెట్టు.

నిబంధనల పుస్తకం మొత్తం చదివాను. రెండు వందల పన్నెండు. బుర్రకెక్కాలంటే రాసుకోవాలి కాబట్టి ముఖ్యమైనవి ఈ నోటుబుక్కు వెనక పేజీల్లో ఎక్కించుకున్నాను. వదిన చూసి, "పదో తరగతి పరీచ్చకి కూడా ఇంత చదివుండవు" అంది.

రోజు 13

పప్పు: ముప్పై ఎనిమిది. అన్నం వండలేదు, అటుకులు తడిపాను.

రెండు రోజులుగా గుర్తుల కోసం తిప్పలు పడుతున్నాను. ఇడ్లీ పిండి పులవడం లేదని ఒకరు అడిగారు. సరుకులు నిలవ ఉంచే చల్లగది గోడకు దూరంగా, దుప్పటి కప్పి పెట్టమని రాశాను. తీసేశారు. కారణం: స్వానుభవం ఆధారం కాదు. ఉక్కుగిన్నె మాడు పోవడానికి ఏం చెయ్యాలని ఇంకొకరు. చింతపండు నీళ్ళు పోసి మరిగించమన్నాను. అది ఆమోదించారు. ఒక గుర్తు. ఈ లెక్కన మూడో మెట్టుకు ఎన్నాళ్ళు పడుతుందో వేసి చూశాను. నాలుగు నెలలు.

సబ్బు నురగ రావడం లేదు. గిన్నెల అడుగున తెల్లగా పొర కడుతోంది, గోటితో గీకితే సున్నంలా రాలుతోంది. పెళ్ళయిన కొత్తలో మా అత్తవారింట బోరు నీళ్ళకు ఇలాగే ఉండేది. ఆ నీళ్ళలో పప్పు ఉడకదని ఎవరూ నాకు చెప్పలేదు. పప్పు ఉడకలేదని మాత్రం వారం రోజులు అన్నారు.

ఇవాళ వదిన మిషను మీంచి లేవగానే వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందంది. రక్తపోటు నూట ఎనభై దాటింది. పలకలో వైద్యులకు రాశాను. ఉప్పు తగ్గించి మాత్ర పెంచమన్నారు.

"ఉప్పా? నువ్వు పెట్టే ఆ చప్పిడి కూట్లో ఉప్పెక్కడుందని!" అంది వదిన, కళ్ళు మూసుకునే.

రోజు 15, మంగళవారం

పొద్దున్న కూర్చుని ఆలోచించాను. ఎవరైనా మొదట అనేది 'పప్పు పాతదేమో' అని. కాబట్టి ఆ మాట ముందే కొట్టెయ్యాలి. చల్లగది యంత్రం నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారతాయి. అవి గాలిలోంచి దిగిన నీళ్ళు, వాటిలో సున్నం ఉండదు. మూడు రోజులుగా చెంబు పెట్టి పడుతున్నాను. అదే డబ్బాలో పప్పు, అదే గిన్నె, అదే మంట. చల్లగది నీళ్ళలో పంతొమ్మిది నిమిషాలకు మెత్తగా మెదిగిపోయింది. కుళాయి నీళ్ళలో మిగిలిన ఇరవై ఆరు నిమిషాలూ ఉడికించినా గింజ గింజగానే ఉంది.

ఇదంతా ఒక పట్టీలా రాశాను. తేదీలు, నిమిషాలు, రెండు నీళ్ళ తేడా. నీళ్ళలో సున్నం పెరుగుతోందనీ, త్వరగా చూస్తారేమోనని, ఇంట్లో డయాలిసిస్ మిషను మీదున్న మనిషి ఉన్నారనీ రాశాను. ఒక్క పలకరింపు లేదు. ఒక్క విశేషణం లేదు.

అది కాసేపు నిలబడింది. కింద ఒక జవాబు వచ్చింది. నేను ఇక్కడికి వచ్చాక నాకు వచ్చిన మొదటి జవాబు. రాసినవారి పేరు నీలి-318.

"మా ఇంట్లోనూ అంతే. పప్పు ఉడకదు. మిషను మీంచి లేస్తూనే కక్కుకుంటాడు. రెంటికీ ఏమైనా సంబంధం ఉందంటారా?"

చదువుతుండగానే నోటుబుక్కు తీసి వెనక్కి తిరగేశాను. పప్పునీ మిషనునీ నేను వేరువేరు పేజీల్లో రాసుకుంటున్నాను. రెంటికీ వచ్చేది ఒకే కుళాయి.

వదినను పిలిచి చూపిద్దామని వెనక్కి తిరిగి, మళ్ళీ పలక వైపు చూసేసరికి ఆ జవాబు లేదు. నా ప్రశ్న 'వంటలు'లోకి పోయింది. మూసివేత కారణం: ధ్రువీకరణ లేని కొలతలు.

రోజు 16

మిషనుతో వచ్చిన చిన్న పుస్తకం వెతికి తీశాను. ముప్పై ఒకటో పేజీలో ఉంది. మిషనుకు వచ్చే నీళ్ళలో సున్నం హద్దు దాటితే వాంతులు, తలనొప్పి, రక్తపోటు, తరవాత గుండె. మిషను పక్కనున్న వడపోత డబ్బా మెత్తని నీళ్ళకే సరిపోతుందట. స్తంభం కింద నీళ్ళను మెత్తపరిచే గది ఒకటి ఉంటుందని మాకు ఇల్లు ఇచ్చేటప్పుడు చెప్పారు. అది పనిచెయ్యడం లేదన్నమాట. వైద్యులకు రాస్తే, నీళ్ళ సంగతి 'నీరు' విభాగంలో అడగమన్నారు.

నీలి-318కి జవాబు రాశాను. "సంబంధం ఉంది. మిషను పుస్తకం ముప్పై ఒకటో పేజీ చూడండి. నాలుగు గంటలు కాకుండా రెండు గంటలకే ఆపండి. మీరు ఏ అంతస్తు?" పంపాక దాని పక్కన 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది.

మూసేసిన ప్రశ్న గురించి అప్పీలు కూడా రాశాను. సంరక్షక-9 జవాబు: "మీకు తెలియని విషయం మీద ప్రజలను భయపెట్టకండి."

ముప్పై ఏళ్ళుగా పప్పు వండుతున్నాను. నాకు తెలియనిది ఏ విషయమో అర్థం కాలేదు.

రోజు 18

పప్పు: పొయ్యి ఆరిపోయినా ఉడకలేదు.

చల్లగది నీళ్ళు మిషనుకు పెడదామంటే ఒక్కసారికి నూట ఇరవై లీటర్లు కావాలి. రోజంతా పడితే ఆరు లీటర్లు వస్తున్నాయి. అందుకని నిన్న రెండు గంటలకే మిషను ఆపేశాను. వాంతి కాలేదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"పోనీ ఆ మనిషెవరో ఎతుకు. ఎల్లి తలుపు కొట్టు. నోరు లేదా నీకు?" అంది వదిన.

"ఏడో నిబంధన, వదినా. అంతస్తు దాటి కబురు మొయ్యకూడదు."

"మోత్తే?"

"ఇల్లు ఖాళీ చేయిస్తారు. నీ మిషను కూడా పోతుంది."

వదిన గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ నిబంధన ఊరికే రాలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఈ స్తంభంలోనే ఎవరో నీళ్ళలో విషం కలిసిందని తలుపులు కొట్టుకుంటూ పోయారట. అందరూ ఒక్కసారి మెట్ల మీదికి వచ్చారు. నలభై ఒక్క మంది తొక్కిసలాటలో పోయారు. విషం ఏమీ లేదు. అప్పటినుంచే వసారా, సంరక్షకులు, ఇదంతా. రెండో అంతస్తు మలుపులో ఆ పేర్లు గోడ మీద చెక్కి ఉన్నాయి. ఇంట్లో దిగిన రోజున చదివాను. అందులో అయిదుగురి ఇంటిపేరు ఒకటే.

అందుకని నేను నియమం ప్రకారమే పోదామనుకున్నాను. ఇంకా బాగా రాయాలి. వాళ్ళు తప్పు పట్టలేనట్టు రాయాలి.

రోజు 21, సోమవారం

ఇవాళ వదినకు మిషను పెట్టలేదు. నిన్న మొహం కూడా ఉబ్బింది. పెడితే ఒక భయం, పెట్టకపోతే ఒక భయం. ఏది ఎక్కువ భయమో తూచడానికి నా దగ్గర ఏ కొలతా లేదు.

నాలుగో ప్రశ్న, అయిదో ప్రశ్న కూడా మూసేశారు. ఆరో ప్రశ్న రాయడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం వరకు పట్టింది. నాలుగుసార్లు చిత్తు రాసి కొట్టేశాను. 'ప్రమాదం' అన్న మాట తీసేశాను. 'వెంటనే' తీసేశాను. చివరికి అది కుళాయి అమ్మేవాడి చీటీలా తయారైంది. పంపాను.

ఒకే విషయం పదేపదే లేవనెత్తుతున్నందుకు మూడు రోజులు నేను ఏమీ రాయకుండా నోరు కట్టేశారు. నీలి-318కి రాసిన జవాబు పక్కన ఇంకా 'పరిశీలనలో ఉంది' అనే ఉంది.

వదిన మంచం మీంచి అడిగింది. "తీశారా?"

"లేదు వదినా."

"నువ్వు రాత్తానే ఉండు. నేను పోయాక తీత్తారు." నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు, ఆవిడా ఎక్కువసేపు నవ్వలేదు.

రోజు 23

నిబంధనల్లో నూట తొంభై రెండోది ఒకటుంది. నోరు కట్టించుకున్న సభ్యులు బుధవారం పది నుంచి పదకొండు వరకు నాలుగో అంతస్తులో సంరక్షకుణ్ణి స్వయంగా కలిసి విన్నవించుకోవచ్చు. దానికి లిఫ్టు చీటీ కూడా ఇస్తారు. ఇన్నాళ్ళూ నోరు కట్టలేదు కాబట్టి నాకు ఆ అర్హత రాలేదు.

రెండు గిన్నెల్లో పప్పు పట్టుకుని వెళ్ళాను. ఒకటి కుళాయి నీళ్ళది, ఒకటి చల్లగది నీళ్ళది.

బల్ల వెనక డెబ్భై ఏళ్ళ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ముతక చొక్కా, మెడలో తాడుకు కళ్ళజోడు. ఆయనే సంరక్షక-4. పేరు పరాంకుశం, ఒకప్పుడు లెక్కల మాస్టారట. నేను ఊహించుకున్న మొహం అది కాదు. నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు.

"కూర్చోండమ్మా. మీరేనా గోధుమ? రోజుకొకటి రాస్తున్నారు."

"నా ప్రశ్న మీకు అర్థం కాలేదాండీ?"

"అర్థమైంది. అర్థమైతే తెరవాలని లేదు కదమ్మా. 'నీళ్ళు బాగోలేదు' అన్న మాట ఈ స్తంభంలో ఎక్కడా కనపడకూడదు. మా పెద్దమ్మాయి ఆ మెట్ల మీదే పోయింది. మనవరాలు చంకలో ఉంది." ఆయన గొంతు పెంచలేదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టే చెప్పాడు.

నేను రెండు గిన్నెలూ బల్ల మీద పెట్టి మూతలు తీశాను.

"నొక్కి చూడండి మాస్టారూ."

ఆయన మొహమాటపడుతూనే మొదటి గిన్నెలోంచి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపాడు. నలగలేదు. "పప్పు పాతదేమోనమ్మా" అన్నాడు.

"రెండోది చూడండి. అదే డబ్బాలోది."

రెండోది వేలికి వెన్నలా అంటుకుంది. ఆయన ఆ వేలిని చొక్కా అంచుకు తుడుచుకుంటూ, "మా ఇంట్లోనూ ఉడకట్లేదు" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు వారాలు దాటింది. మా కోడలికి చేతకావడం లేదనుకున్నాం. రోజూ అంటూనే ఉన్నాను. మొన్న కంచం తోసేశాను కూడా."

నాకు వదిన మొదటిరోజు అన్న మాట గుర్తొచ్చింది. ఈ స్తంభంలో నలభై అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఇళ్ళు. అన్ని ఇళ్ళల్లోనూ పప్పు ఉడకలేదు. అన్ని ఇళ్ళల్లోనూ వండే మనిషినే అన్నారు. నీళ్ళను ఒక్కరూ అనలేదు.

"మిషను మీద మనుషులున్నారు మాస్టారూ. మా వదిన ఉంది. ఇంకెవరో నీలి-318 ఉన్నారు. వాళ్ళది ఏ ఇల్లో చెప్పండి."

"పేర్లు మాకూ కనపడవమ్మా. నిజంగా కనపడవు." ఆయన పలక దగ్గరికి లాక్కున్నాడు. "మీ ప్రశ్న నేను 'నీరు'లో పెడతాను. మెట్టు లేని మనిషి ప్రశ్న అక్కడ పెట్టే అధికారం నాకు లేదు. నా పేరు మీదే పెడతాను."

రోజు 24

పొద్దున్న పది గంటలకు ఇంజనీర్లు స్తంభం కింది గదిలోకి దిగారు. సాయంత్రం నాలుగుకు పలకలో ప్రకటన వచ్చింది.

"ఆరో స్తంభం నీటి మెత్తదనంలో వచ్చిన స్వల్ప తేడా సరిచేయబడింది. దీనిపై కొత్త చర్చలు తెరవరాదు."

పప్పు: ఇరవై ఒక్క నిమిషం.

వదినకు నాలుగు గంటలూ మిషను పెట్టాను. వాంతి లేదు. రక్తపోటు నూట నలభై అయిదు.

నా నోటి కట్టు విప్పారు. నా ప్రశ్నలు ఆరూ మూసే ఉన్నాయి. ఇప్పుడు వాటి కింద కారణం మార్చారు: 'అధికారిక ప్రకటనలో జవాబు ఉంది.'

రోజు 27

వదిన లేచి కూర్చుని పులుసు అడిగింది. పాదాల ఉబ్బు తీసింది. కుడి చెయ్యి మాత్రం వణుకుతోంది. ఆ వణుకు ఇదివరకు లేదు.

వసారాలో ఒక చిన్న మాట వేశారు. సంరక్షక-4 అధికార పరిధి దాటినందున తప్పించబడ్డారు.

మూడు రోజులుగా నేను ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను. "నీలి-318, మీ ఇంట్లో మనిషి ఎలా ఉన్నారు?" మూడుసార్లూ తీసేశారు. వ్యక్తిగత విచారణ నిషిద్ధం. ఇంకోసారి అడిగితే తొంభై రోజులు నోరు కడతారట.

ఇంకోసారి అడిగాను. కట్టారు.

రోజు 29, మంగళవారం

వదినకు తెల్లవారే అన్నం పెట్టి, "కాసేపట్లో వస్తాను" అన్నాను.

"ఏడో నిబంధనో?" అంది వదిన.

"నువ్వు తలుపు గడియ వేసుకో."

మిషను ఉన్న ఇంటిని గుర్తుపట్టడం కష్టం కాదు. వాడేసిన గొట్టాలు వెయ్యడానికి గుమ్మం పక్కన కొక్కేనికి పసుపు సంచి వేలాడదీస్తారు. మా గుమ్మానికీ ఉంది. రోజూ సంచి మార్చేది నేనే. మెట్ల మీద ఒక్కొక్క అంతస్తే దిగి, మళ్ళీ పైకెక్కి చూసుకుంటూ వచ్చాను. పసుపు సంచులు మొత్తం పదకొండు. ప్రతి తలుపూ కొట్టాను. మీది నీలి-318 అవునా అని అడిగాను. కొందరు తలుపు సందులోంచే కాదని మూసేశారు. ఒకావిడ లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది. ఎవరూ అరవలేదు. ఎవరూ మెట్ల మీదికి పరుగెత్తలేదు.

ముప్పై మూడో అంతస్తులో, చివరి ఇంటికి కొక్కెం ఉంది, సంచి లేదు. దాటిపోయి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాను.

తలుపు తీసినతనికి నలభై ఏళ్ళుంటాయి. గుండు గీయించుకున్నాడు. తల మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి.

"నీలి-318 మీరేనా?"

"మీరెవరు?"

"గోధుమ-77. పప్పు..."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"ఇప్పుడొస్తిరా అక్కా" అన్నాడు. "నాయన పోయి ఎనిమిది దినాలాయె."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎనిమిది రోజుల కిందట సోమవారం. ఆరో ప్రశ్నలోంచి 'వెంటనే' అన్న మాట కొట్టేసిన రోజు.

పేరు ఓబులేసు. లోపలికి రమ్మని చాప వేశాడు. గది మూల మిషను ఉంది, గుడ్డ కప్పి. గొట్టం ఇంకా కుళాయికే తగిలించి ఉంది.

"మీకు అన్నిసార్లు రాస్తిని. ఒక్కదానికన్నా పలకలేదు మీరు. పెద్దింటోళ్ళేమో, మాతో ఏం మాట్లాడతారులే అనుకుంటి" అన్నాడు.

"నాకు ఒక్కటే కనిపించింది బాబూ. అదీ ఒక్క నిమిషం. మీకు జవాబు రాశాను నేను."

"ఏదీ, రాలేదే. నావి అన్నీ అట్లనే ఉండాయి చూడండి."

పలక వెలిగించాడు. నిజమే. నా ప్రశ్న కింద అతను రాసినవన్నీ వరసగా ఉన్నాయి, ఏదీ తీసెయ్యనట్టే. అతని పలకలో అవి ఉన్నాయి. ఇంకెవరి పలకలోనూ లేవు. తీసేసిన సంగతి రాసినవాడికి తెలియకుండా ఉండడం కోసం అలా చేస్తారన్నమాట. రెండు వందల పన్నెండు నిబంధనల్లో అది నేనెక్కడా చదవలేదు.

ఇతను రోజుల తరబడి గోడకు మాట్లాడాడు. గోడ అవతల నేను చిత్తుప్రతులు కొట్టేస్తూ కూర్చున్నాను. ఇతని గుమ్మం వెతకడానికి నాకు ఇవాళ పట్టింది ఒక్క పూట.

"చదవమంటారా?" అని అడిగాను. అతను తలూపాడు. నేను ఒక్కొక్కటి పైకి చదివి, ఒక్కొక్కదానికి అక్కడే చాప మీద కూర్చుని జవాబు చెప్పాను. ఏదీ వదిలిపెట్టకూడదనుకుని ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

మంగళవారం: "మా ఇంట్లోనూ అంతే అక్కా. పప్పు ఉడకదు. నాయన మిషను మీంచి లేస్తూనే కక్కుకుంటాడు. రెంటికీ ఏమైనా సంబంధం ఉందంటారా?"

ఉంది అన్నాను. నేను చూసినప్పుడు ఇందులో 'అక్కా' లేదు, 'నాయన' లేదు. ఆ రెండు మాటలూ తీసి చూపించారు.

బుధవారం: "మీరు చేసినట్టే చల్లగది నీళ్ళతో చేస్తిని అక్కా. ఇరవై నిమిషాలకు ఉడికె. నా పెండ్లాముంటే ఇన్నాళ్ళూ ఆమెను తిట్టుండేవాణ్ణి. మనం కనుక్కున్నది నిజమే కదా?"

నిజమే అన్నాను. నువ్వు చేసిన లెక్క కూడా సరైనదే అన్నాను.

శుక్రవారం: "ఇయ్యాల నాయన తల పట్టుకుని అరిచినాడు. వైద్యులు మాత్ర పెంచినారు. మీ ఇంట్లో మనిషికి ఎట్లుంది?"

పాదాలు ఉబ్బాయి, కానీ వాంతి లేదు, రెండు గంటలకే ఆపేశాను అన్నాను.

ఆదివారం: "రేపు మళ్ళా మిషను పెట్టాల. పెట్టమంటారా, ఆపమంటారా? మీరు ఏది చెప్తే అది చేస్తా అక్కా."

దీన్ని రెండుసార్లు చదివాను. ఓబులేసు తొందరపెట్టలేదు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆపమని చెప్పేదాన్ని అన్నాను. నేను మా వదినకు ఆపేశాను, నీకూ అదే చెప్పేదాన్ని.

అతను మిషను వైపు చూశాడు. "పెట్టినాను" అన్నాడు.

ఇంకొక్కటి మిగిలింది. సోమవారం పొద్దున్నది. రెండే మాటలు.

"ఉండారా అక్కా?"

ఉన్నాను అన్నాను.